పాప నిద్రపోయిన రాత్రి

ఎండ ముఖం మీద పడ్డాక గాని సంధ్యారాణికి మెలకువ రాలేదు.

పాప పుట్టిన తర్వాత వెలుతురు ఆమెను లేపడం ఇదే మొదటిసారి. ముప్పై మూడు రోజులుగా ఆమెను లేపింది ఏడుపే. అంతకు ముందు రెండు నెలలు పిక్కలు పట్టేయడం, కడుపులో తన్నులు, గంటకోసారి లేచి బయటికి పోవడం. ఎనిమిదో నెల పడ్డప్పటి నుంచి ఒక్క రాత్రయినా ఆమె నిండుగా పడుకోలేదు.

నిన్న రాత్రి పడుకుంది.

జాకెట్టు పాలతో తడిసి, ఆరి, మళ్లీ తడిసింది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి సలుపుతున్నాయి. పక్కన పాతచీర మడతల మీద పాప ఉంది. తల ఒక పక్కకు వాలింది. పిడికిళ్లు విప్పి ఉన్నాయి. ఆ పిల్ల నిద్రలో కూడా పిడికిళ్లు విప్పదు.

సంధ్య పాప అరికాలు మీద వేలితో కొట్టింది. పాలు తాగుతూ నిద్రపోతే అలా లేపాలని కాన్పప్పుడు నర్సు నేర్పింది. పాప కదలలేదు. చెవి రుద్దింది. కదలలేదు. రొమ్ము నోటికి అందిస్తే పాలు పెదవి మీది నుంచి చెంప మీదికి కారాయి. ఛాతీ మాత్రం లేస్తోంది, దిగుతోంది. చాలా నెమ్మదిగా.

ఇప్పుడు భయపడాలి అనుకుంది సంధ్య. భయం రాలేదు. ఇంకో గంట పడుకుంటే బాగుండుననిపించింది.

"లేపకు పిల్లా! పండుకున్న పోరిని లేపుతరా ఎవరన్న?"

వాకిట్లో గిన్నెలు తోముతున్న అత్త పోశవ్వ కిటికీలోంచి చూసి కేకేసింది.

"పొద్దటి నుంచి పాలు తాగలేదత్తమ్మా."

"రాత్రి తాగింది గద."

"ఎనిమిదింటి తర్వాత నేనియ్యలే."

పోశవ్వ చేతిలో పీచు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"ఆకలైతే అదే లేస్తది. నా కొడుకు వచ్చే యాల్లయింది. గమ్మునుండు."

పక్క క్వార్టరు సారవ్వ గోడ మీది నుంచి తల పెట్టింది. "ఏందే పోశవ్వా, మీ రేడియో ఇయ్యాల బందున్నది? రాత్రి మా ఇంటోళ్లందరు కాళ్లు బార్లజాపి పన్నరు. ఏం మంత్రమేసినవే మన్మరాలికి?"

"మంత్రమా నీ బొంద. దిష్టి తీసిన."

"రోజు తియ్యి తల్లీ. మా ముసలాయన గురకకు గూడ ఏమన్న ఉంటే చెప్పు."

సారవ్వ తన మాటకు తానే నవ్వుకుంటూ పోయింది. పోశవ్వ నవ్వలేదు.

ఆ ఇంట్లో నిద్ర అంటే వేణు నిద్రే. తండ్రి ఎల్లేశం బొగ్గుబాయిలో పాతికేళ్లు చేసి మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఆ నౌకరి కొడుకు వేణుమాధవ్‌కు వచ్చింది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి, బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. ఈ నెలంతా నైట్ షిఫ్టే పడింది. అతను పగలు పడుకోవాలి. రెండు గదుల ఇంట్లో పసిపిల్ల ఉంటే ఎలా పడుకుంటాడు?

పోయిన వారం తెల్లవారుజామున డంపర్ ముందు చక్రం దారి అంచున పోసిన మట్టికట్ట మీదికెక్కింది. కట్ట అవతల క్వారీ లోతు. ఎవరో లైటు కొట్టి అరవబట్టి బ్రేకు పడింది. కళ్లు తెరిచే నిద్రపోయిన అవ్వా అని ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఇంకోసారి ఇట్లయితే చార్జిషీటు ఇస్తామన్నారట పెద్దసార్లు. ఆ రోజు పోశవ్వ అన్నం ముట్టలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కుక్కర్ పెట్టడం మానేసింది, విజిల్ వస్తుందని.

సంధ్య నిద్ర సంగతి ఎవరూ మాట్లాడలేదు. బాలింత పగలు పండుకుంటే ఒంటికి నీరు పడుతుందని పోశవ్వ గట్టి నమ్మకం. గోడకానుకొని కోడలు కన్ను మూస్తే చాలు, భుజం తట్టి లేపేది. రాత్రి పాప లేపేది, పగలు అత్త లేపేది. అలాగని పోశవ్వ చెడ్డ మనిషి కాదు. పుట్టిల్లు కమాన్‌పూర్‌లో సంధ్యకు తల్లి లేదు కనుక కాన్పు అత్తింట్లోనే అయింది. ఒంటికి నూనె పట్టించి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగవేసి, కారం పథ్యం వండిపెట్టింది పోశవ్వే. ఆ మనిషి మీద సంధ్యకు కోపం లేదు. ప్రేమ కూడా ఎటు పోయిందో తెలియదు. నెల రోజులుగా ఎవరి మీదా ఏమీ అనిపించడం లేదు.

వేణు ఎనిమిదింటికి వచ్చాడు. చప్పుడు కావద్దని బండిని సందు మొదట్లోనే ఆపి తోసుకుంటూ వచ్చాడు. స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుక పెట్టినట్టు నిలిచిపోయింది.

"ఏడుస్తలేదా?" అన్నాడు గుసగుసగా.

"ఊకున్నది బిడ్డా. ఇంత తిని పండుకో," అంది పోశవ్వ.

అతని ముఖం విచ్చుకుంది. "నా తల్లే! గిట్ల నాలుగొద్దులు పన్నదంటే నా నౌకరి బతికినట్టే."

"బావా, పాప లేస్తలేదు," అంది సంధ్య.

"లేవకపోతే మంచిదే గద."

"లేపినా లేస్తలేదు."

వేణు గుమ్మంలోంచి లోపలికి చూశాడు. చూడడానికి కళ్లలో ఓపిక లేదు. "మొన్నటిదాక పండుకుంటలేదని ఏడ్చినవ్. ఇయ్యాల పన్నదని ఏడుస్తున్నవా?"

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. సంధ్య ఏడవడం లేదు కూడా. ఏడుపు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలి ఆమె.

అతను నాలుగు ముద్దలు తిన్నాడు. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి, కూలర్ పెట్టుకొని ముందుగదిలో ఒరిగాడు. తల దిండును తాకిందో లేదో గురక మొదలైంది. ఏడుపొక్కటి లేకపోతే ఇక మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు గోడలు అదిరినా లేవడు.

సంధ్య పాపను ఎత్తి భుజాన వేసుకుంది. ఒళ్లు నీళ్లలో నానిన గుడ్డలా జారింది. ముఖానికి ముఖం దగ్గరైనప్పుడు వాసన తగిలింది. పులిసిన వాసన. పాలు కక్కితే వచ్చే పులుపు కాదు. రోజూ పొద్దుగూకి మామ ఇంట్లో అడుగుపెడితే వచ్చే వాసన.

పాపతోనే వాకిట్లోకి వచ్చింది. పోశవ్వ చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

"ఎంత పోసినవత్తమ్మా?"

ఏం పోశానని పోశవ్వ అడగలేదు. బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. ఇంకో రాయి ఏరింది.

"ఒక్క చుక్క. వేలు ముంచి నాలుక్కు రాసిన. గంతే."

వేలు కాదని సంధ్యకు తెలుసు.

నిన్న రాత్రి పది గంటలప్పుడు ఆమెకు ఇంకా నిద్ర పట్టలేదు. వేణు డ్యూటీకి బయల్దేరిపోయాడు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పోశవ్వ వచ్చి ఎత్తుకుపోయింది. వంటింటి బల్బు వెలుగులో అత్త కాళ్లు చాపుకుని కూర్చోవడం, పాపను కాళ్ల మీద వేసుకోవడం, పక్కన మామ తెచ్చిన సీసా, చేతిలో ఉగ్గుగిన్నె, అన్నీ కనబడ్డాయి. గిన్నె ఒకసారి వంగింది. పాప పొలమారి కొంచెం కక్కింది. అత్త వీపు నిమిరింది. గిన్నె మళ్లీ నిండింది. మళ్లీ వంగింది.

లేచి లాక్కోవాలి అనుకుంది సంధ్య. అలా అనుకున్న ఊపిరిలోనే, ఇక ఈ ఏడుపు ఆగుతుంది అని కూడా అనుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది.

అంతే. ఆ తర్వాత ఎండే.

"ఏందే, ఉలకవు పలకవు?" పోశవ్వ చాట కింద పెట్టింది. "నేను ముగ్గురిని గిట్లనే సాదిన. మీ మామ బాయిల నుంచి నైట్ షిఫ్టు దిగి వస్తే, కొప్పుల పిన్ను కిందవడ్డ చప్పుడు గూడ ఉండద్దు. నాకు అత్త లేదు, అవ్వ లేదు. ఎవలు వట్టుకుంటరు పోరగాండ్లను? ఇంత కల్లు నాకిపిచ్చి పండవెట్టేది. నీ మొగడు గట్ల పెరిగినోడే. ఏమైంది వానికి?"

"ఏం కాలే."

"మరి? నీకోసం గూడ చేసిన. అద్దంల మొకం చూసుకున్నవా? పీనుగ లెక్క తిరుగుతున్నవ్. తిడితే తిట్టు, నోరు తెరువు."

"తిట్టొస్తలేదత్తమ్మా."

ఆ మాటకు పోశవ్వ ముఖం ఎటో తిప్పుకుంది. తిడితే బదులు తిట్టి ఉండేది. ఊరుకున్న మనిషితో ఎలా కొట్లాడాలో ఆమెకు తెలియదు.

అప్పుడే ఎల్లేశం హోటల్లో చాయ తాగి వచ్చాడు. చెప్పులు విడుస్తూ కోడలి భుజం మీది పాపను చూశాడు. వేలాడుతున్న చేతిని చూశాడు.

"పాపకేమైంది?"

పోశవ్వ మళ్లీ చాట అందుకుంది.

"మిమ్ములనే. ఏమైందంటున్న."

"రాత్రి ఇంత కల్లు నాకిపిచ్చిన," అంది పోశవ్వ. "మత్తుల ఉన్నది. దిగుతది."

"ఏ కల్లు?"

"ఇంట్ల ఎన్ని కల్లులున్నయ్? నువ్వు తెచ్చిందే."

ఎల్లేశం అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత రెండు చేతులూ భార్య ముందుకు చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఇవెందుకు వణుకుతున్నయే? ఒక్కపూట తాగకపోతే నేను పిచ్చోని లెక్క ఎందుకైత? నువ్వింకా అది తాటిచెట్టు మీది నుంచి దిగిందనే అనుకుంటున్నవా? ఆ రోజులు వొయినయ్. నీళ్లల్ల మత్తుపొడి కలిపి పోస్తున్నడు దుకాణపోడు. సగం సీస తాగితే నాకే పొద్దటిదాక సోయుండది. పసిపోరికి పోసినవానే?"

"నాకు చెప్పినవా?" పోశవ్వ లేచి నిలబడింది. "పొడి కలుపుతున్నరని ఏనాడన్న చెప్పినవా నాకు?"

"చెప్తే తాగనిస్తవా?"

మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు చూసుకున్నారు. నలభై ఏళ్ల కాపురంలో వాళ్లు చాలాసార్లు కొట్లాడారు. ఇలా చూసుకోలేదు.

"వేణుగాన్ని లేపుర్రి. దవాఖానకు తీస్కపోవాలె."

"వాన్ని లేపకు! రాత్రి మళ్ల డ్యూటీ ఉన్నది," పోశవ్వ అడ్డం వచ్చింది. అలవాటైన మాట అది, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"డ్యూటీల మన్నువడ! ఆ సీస ఏది? సీస చూపిస్తే డాక్టరమ్మకు తెలుస్తది."

సీసా తోమిన గిన్నెల పక్కన బోర్లించి ఉంది. కడిగి, మెరిసేలా కడిగి.

వేణును సంధ్యే లేపింది. భుజం పట్టి ఊపితే లేచి కూర్చుని, "టైమైందా? షిఫ్టు మొదలైందా?" అని బూట్ల కోసం మంచం కింద చేయి పెట్టాడు.

"పాపను దవాఖానకు తీస్కపోవాలె బావా. లేస్తలేదు."

ఈసారి అతను పాపను చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ బరువు చేతుల్లో ఎలా పడిందో, అప్పుడు అర్థమైంది. "అయ్యో! అవ్వా! ఎప్పటి నుంచి గిట్లున్నది? నాకు చెప్పొద్దా?"

చెప్పాను అనలేదు సంధ్య.

సందు చివర వాడకట్టు డ్రైవరు మొగిలి ఆటో దొరికింది. వెనక సగం సీట్లో బియ్యం బస్తా ఉంటే ఎల్లేశానికి అందులో చోటు లేకపోయింది. ఆటో కదులుతుంటే రాడ్డు పట్టుకుని కోడలి ముఖంలోకి చూశాడు. "అడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పుర్రి," అన్నాడు. కొడుక్కి మాత్రం ఏమీ చెప్పలేకపోయాడు.

వేణు మొగిలి పక్కన కూర్చుని, జల్ది పోనియ్యన్నా, జల్ది అంటూనే ఉన్నాడు. వెనక పోశవ్వ మంచినీళ్ల సీసాలోంచి చెంగు తడిపి పాప పెదవులు తుడిచింది. నోటి లోపల కూడా వేలితో తుడిచింది. తర్వాత కోడలి చెవి దగ్గరికి వంగింది.

"బిడ్డా, కల్లని చెప్పకు. పోలీసులకు రాస్తరు. నన్ను తీస్కపోతే తీస్కపోనీ, వాని మొకం చూడు. ఈ సంగతి తెలిస్తే వాడు నన్ను అవ్వా అంటడా? జరమొచ్చిందని చెప్దాం. నిన్నెవలు అడుగరు. నువ్వు పండుకున్నవ్ గద. నీకేం తెల్వదు."

ఆటో కుదుపులతో బొగ్గు లారీల వెనక నుంచి పోతోంది. సంధ్య పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఉంచింది. ఊపిరి తగులుతుంది, ఆగుతుంది. ఇక తగలదేమో అనుకునేంతలో మళ్లీ తగులుతుంది.

నువ్వు పండుకున్నవ్ గద. అత్త ఆ మాట చేతికి అందించేసింది. తీసుకుంటే చాలు. అడిగినవాళ్లందరికీ జీవితాంతం అదే చెప్పుకోవచ్చు.

దవాఖానలో నర్సు పాపను చూడగానే చేతుల్లోంచి తీసుకుని లోపలికి నడిచింది, దాదాపు పరిగెత్తింది. తలుపు మూసుకుంది. ముగ్గురూ బయట బెంచీ దగ్గర నిలబడ్డారు. ఎవరూ కూర్చోలేదు. కొద్దిసేపటికి పిల్లల డాక్టరు కృష్ణప్రియ బయటికి వచ్చింది. గోదావరి జిల్లాల మనిషి. మాట మెత్తగా ఉంటుంది.

"పాలు ఆఖరుగా ఎప్పుడు తాగిందమ్మా?"

"నిన్న రాత్రి ఎనిమిదింటికి," అంది సంధ్య.

"ఆ తర్వాత ఇంకేమైనా పట్టించారా? గ్రైప్ వాటరు, దగ్గుమందు, నాటుమందు లాంటివి?"

"తల్లిపాలు తప్ప ఏం పొయ్యలే తల్లీ," పోశవ్వ అందుకుంది. "ఒళ్లు వెచ్చగున్నది రాత్రి. దిష్టి తాకినట్టున్నది."

డాక్టరు ఆమెను కాసేపు చూసింది. "ఒంట్లో షుగర్ బాగా పడిపోయింది. ఊపిరి సరిగ్గా తీసుకోవట్లేదు. ఇన్‌ఫెక్షన్ అనుకుంటే ఒక దారి. ఏదైనా మత్తుది లోపలికి వెళ్లి ఉంటే దారి వేరు. కరీంనగర్ పంపాలా, ఇక్కడే చూడాలా అన్నది కూడా దాన్ని బట్టే. ఏం పట్టారు, ఎంత పట్టారు, ఎన్నింటికి పట్టారు. నాకు ఈ మూడూ కావాలి. నేను తిట్టనమ్మా. చెప్పండి."

"చెప్తున్నం గద మేడం, ఏం పొయ్యలే," అన్నాడు వేణు. "మా అవ్వ ముగ్గురిని పెంచిన మనిషి. ఆమెకు తెల్వదా? మీరు జర జల్ది చూడుర్రి."

పోశవ్వ కొడుకు చేయి పట్టుకుంది. 

"అమ్మా, మీరు?" డాక్టరు సంధ్య వైపు తిరిగింది. "పక్కన పడుకున్నది మీరే కదా."

అత్త చెబుతుందేమో అని సంధ్య చూసింది. పోశవ్వ నేల చూపులు చూస్తోంది. ఒకవేళ చెప్పినా, ఒక్క చుక్క అనే చెబుతుంది. ఇప్పటికి ఆ ఒక్క చుక్కను ఆమె తానే నమ్మేసి ఉంటుంది. ఎంత అన్నది తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఎంత అని చెబితే, ఎలా తెలుసు అని అడుగుతారు.

సంధ్య ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పింది.

"కల్లు. దుకాణపు మత్తుపొడి కల్లు. రాత్రి పదింటికి. ఉగ్గుగిన్నెతోటి రెండుసార్లు. మొదటిసారి కొంచెం కక్కింది. రెండోసారి మింగింది."

డాక్టరు ఇంకేమీ అడగలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెనక ఆమె గొంతు గట్టిగా, త్వరత్వరగా వినిపించింది. ఎవరో పరిగెత్తారు. ఏదో బండి చక్రాలు కదిలాయి.

పోశవ్వ బెంచీ మీద కాదు, నేల మీదే కూర్చుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వేణు తల్లిని చూశాడు. ఆమె చేతిలోంచి తన చేయి ఎప్పుడు జారిపోయిందో అతనికి తెలిసినట్టు లేదు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. నిద్ర లేని కళ్లు, ఎర్రగా, రెప్పవేయకుండా.

"రెండుసార్లని నీకెట్ల తెలుసు?"

"చూసిన."

"చూసినవా?"

"ఊ."

"చూసి?"

వరండాలో ఎవరో కట్టు కట్టించుకున్న కార్మికుడు కాలీడ్చుకుంటూ వెళ్లాడు. అతను దాటిపోయేదాకా సంధ్య ఆగింది.

"చూసి పండుకున్న."

వేణు చేయి లేస్తుందేమో అనుకుంది. లేచినా ఫరవాలేదు అనుకుంది. చేయి లేవలేదు. అతను గోడకు చెయ్యి ఆనించి, మట్టికట్ట మీదికి బండి ఎక్కిన రోజు ఎలా ఉన్నాడో అలా నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. నర్సు తల బయట పెట్టింది.

"పాప తల్లెవరు? జల్ది లోపలికి రా. నువ్వొక్కదానివే."

ఆ గొంతులో మంచి కబురుందో చెడ్డ కబురుందో పోల్చుకోవడం సంధ్యకు చేతకాలేదు. అడుగు ముందుకు వేసింది.

తలుపుకూ ఆమెకూ మధ్య వేణు వచ్చి నిలబడ్డాడు. పక్కకు జరగలేదు.